దేవత పేరు చెప్పి ఆడపిల్లను విడిచిపెడితే తప్పు ఎవరిది? జోగినుల మధ్య పనిచేసిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది ఇది: సమాజంలో జరిగే చెడుకు మతాన్ని తప్పు పట్టొచ్చా? కాలేజీలో స్నేహితులు అన్నిటికీ మూలం మతమే అంటున్నారు. ఇంట్లో మీ నాన్నగారు మతం మంచిదే, దాన్ని వాడుకునే మనుషులే చెడ్డవాళ్లు అంటున్నారు. ఎవరి మాట నిజమో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉందని రాశారు.

నేను పండితురాలిని కాదు. కానీ నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో జోగినుల మధ్య 20 ఏళ్లకు పైగా పనిచేశాను. దేవుడి పేరుతో ఒక పిల్ల బతుకు ఎట్లా చెడిపోతుందో కళ్లారా చూశాను. లోకంలోని మతాలన్నిటి గురించి మాట్లాడే శక్తి నాకు లేదు కాబట్టి, నాకు బాగా తెలిసిన ఈ ఒక్క ఆచారాన్ని పట్టుకునే చెప్తాను. మీ స్నేహితులతోనూ మీ నాన్నగారితోనూ నేను పూర్తిగా ఒప్పుకోలేను.

జోగిని అంటే, చిన్నతనంలోనే ఎల్లమ్మకో పోచమ్మకో "విడిచిన" ఆడపిల్ల. ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాల పిల్ల. గ్రామదేవతల పూజలు చేసే బైండ్లవాళ్లు పట్నం, అంటే రంగుల పొడులతో దేవత ముగ్గు వేసి, దేవత పేరున మెడలో తాళి కడతారు. ఆ రోజు నుంచి ఆమెకు పెళ్లి లేదు. ఈడేరాక "మైలపట్టు" అని ఇంకో తంతు ఉంటుంది. ఆ రాత్రి ఆమె ఎవరి దగ్గరికి పోవాలో ఊరి పెద్ద నిర్ణయిస్తాడు, చాలాసార్లు ఆ పెద్దే ఆమెను ఉంచుకుంటాడు. తర్వాత ఆమె ఊరందరిదీ. జాతరలో ఆడాలి, పెద్దింట్లో ఎవరైనా పోతే శవం ముందు ఆడాలి. పిల్లలు పుడతారు, తండ్రి పేరు ఉండదు. ఇదే ఆచారాన్ని రాయలసీమలో బసివి అంటారు, చిత్తూరు, నెల్లూరు వైపు మాతమ్మ అంటారు. కోస్తాలో దేవాలయాలకు అనుబంధంగా ఉన్న కళావంతుల కథ వేరు. అక్కడ మాన్యాలు, సంగీతం, నాట్యం ఉన్నాయి. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు. జోగినికి మాన్యం లేదు, నేర్చుకున్న నాట్యం లేదు. బీడీలు చుట్టుకుంటూ, కూలికి పోతూ బతికింది.

మొదట్లో నేనూ మీ స్నేహితుల లాగే ఆలోచించాను. ఈ దేవత, ఈ బోనం, ఈ పట్నం లేకపోతే ఈ పిల్ల బడికి పోయేది కదా అనుకునేదాన్ని. ఒక ఊళ్లో ఒక తల్లిని గట్టిగానే అడిగాను, కన్నబిడ్డను ఎట్లా విడిచినవమ్మా అని. ఆమెకు ముగ్గురూ ఆడపిల్లలే. భర్త మంచంలో ఉన్నాడు. పెద్దదాని తలలో జడలు కట్టాయి. వాడంతా వచ్చి, ఎల్లమ్మ అడుగుతోంది, ఇవ్వకపోతే మొగుడు దక్కడన్నారు. తంతుకు ఖర్చు ఎక్కడిదమ్మా అంటే, పటేలు ఇచ్చాడంది. అప్పుగా కాదు, ఊరికే ఇచ్చాడట. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో పటేలు మీద కృతజ్ఞతే ఉంది.

ఆ "ఊరికే" అన్న మాట చాలా రోజులు నా మనసులో తిరిగింది. అంత పిసినారి, కూలి డబ్బులకు నెలలు తిప్పేవాడు, మాదిగవాడలో ఒక పిల్ల మొక్కుకు చేయి విప్పి డబ్బిచ్చాడంటే అది భక్తితోనేనా?

అప్పటి నుంచి ప్రతి ఊళ్లో ఒక సంగతి గమనించడం మొదలుపెట్టాను. ఎల్లమ్మను కొలవని ఇల్లు ఆ ప్రాంతంలో దాదాపు లేదు. గౌడులకు ఆమె కులదేవత. రెడ్డి, వెలమ ఇళ్ల నుంచి బోనాలు వస్తాయి. అందరికీ రోగాలు వస్తాయి, అందరిళ్లలో మొక్కులు ఉంటాయి, ఆడపిల్లలే పుట్టిన దంపతులు అన్ని కులాల్లోనూ ఉంటారు. తలలో జడలు కట్టడానికి కులం అక్కర్లేదు. అదే ఎల్లమ్మ పెద్దకులాల ఇంట్లో మేకపోతును అడుగుతుంది, మాదిగవాడలో మాత్రం పిల్లను అడుగుతుంది. నేను తిరిగిన ఊళ్లలో ఒక్క దొర బిడ్డ కూడా జోగిని కాలేదు. నమ్మకమే కారణమైతే నమ్మినవాళ్లందరి ఇళ్లలో ఇది జరగాలి. అట్లా జరగలేదు కాబట్టి, అన్నిటికీ మూలం మతమే అన్న మాట ఇక్కడ నిలవదు. మతం మీదే మొత్తం తప్పు మోపితే అందరికంటే ఎక్కువ సంతోషించేది ఆ పటేలే. "మూఢనమ్మకాలమ్మా, వీళ్లకు చదువు లేదు" అని మన ముందే తల ఊపుతాడు. నా ముందు అట్లా ఊపినవాళ్లు ఉన్నారు.

ఇక మీ నాన్నగారి మాట. "మతం మంచిదే, మనుషులే చెడ్డవాళ్లు." వినడానికి బాగుంటుంది. కానీ ఎక్కువ మంది చదువుకున్నవాళ్లు ఈ మాటతోనే చేతులు దులుపుకోవడం చూశాను కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఒకటి ఆలోచించండి. కటిక పేదరికం, పెత్తందారీతనం తెలుగు నేల అంతటా ఉన్నాయి. అయినా ఈ ఆచారం కొన్ని జిల్లాల్లోనే పాతుకుపోయింది. అంతే పేదరికం ఉండి జోగిని లేని ఊళ్లు ఉన్నాయి. అక్కడా దొరలు ఆడవాళ్లను చెరిచారు. కానీ అక్కడ అది చాటుగా జరిగింది, బయటపడితే గొడవైంది, చేసినవాడికి ఎక్కడో ఒక మూల భయం ఉండేది. జోగిని విషయంలో అదే పని డప్పు కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, కన్నతండ్రి చేత చేయించారు. ఆ తేడా ఎవరు తెచ్చారు? ఆ తేడా తెచ్చింది తంతు. దేవత పేరు లేకపోతే ఆ తల్లి తన పెద్దబిడ్డను పటేలుకు ఇచ్చేదా? ప్రాణం పోయినా ఇచ్చేది కాదు.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. నేను ఎంతమందిని అడిగినా, చేసినవాడు ఒక్కడూ దొరకలేదు. తండ్రిని అడిగితే అమ్మవారు అడిగింది, ఇచ్చాను అంటాడు. బైండ్లాయనను అడిగితే వాళ్లు పిలిచారు, పట్నం వేశాను, నా వృత్తి అంటాడు. పటేలును అడిగితే బీదవాళ్లు, సాయం చేశాను అంటాడు. ఊరివాళ్లు తాతల నాటి నుంచి ఉన్నదే అంటారు. అందరూ తలా ఒక చేయి వేశారు, ఎవరూ చేయలేదు. చివరికి ఆ పిల్ల తిట్టుకోవాలన్నా దేవతను తిట్టుకోవాలి, లేదా తన తలరాతను. కొట్టే మొగుడి మీద ఆడపిల్ల పుట్టింటికి పోయి చెప్పుకుంటుంది, పెద్దమనుషుల్లో పెట్టిస్తుంది. జోగిని ఎవరి మీద చెప్పాలి? పంచాయితీ పెట్టేవాడే రాత్రి వచ్చేవాడు. ఇట్లా తప్పు ఎవరి మీదా నిలవకుండా చేయడం, బాధపడేదాని నోటికి తాళం వేయడం, ఇది మతం చేసిన పని. ఈ భాగానికి మతాన్ని నిందించక తప్పదు. నేను నిందిస్తాను.

"అది అసలైన మతం కాదు, శాస్త్రాల్లో లేదు" అని కొందరు పెద్దలు నాతో అన్నారు. ఉండకపోవచ్చు. కానీ ఆ పిల్లకు తెలిసిన మతం శాస్త్రం కాదు. తన మెడలో తాళి, తన ఇంటి ముందు దేవతను నిలిపిన గద్దె, తన తల మీద బోనం, అదే ఆమె మతం. దానికి బయట ఎక్కడో శుద్ధమైన మతం ఒకటి ఉందని చెప్తే ఆమెకు ఏం ఒరిగింది? ఆ పెద్దల్లో ఒక్కరైనా ఆ ఊరికి వచ్చి, ఇది మతం కాదు, ఆపండి అని గద్దె ముందు నిలబడి చెప్పి ఉంటే వాళ్ల మాటకు చేతులెత్తి మొక్కేదాన్ని.

ఇది హిందువుల ఆచారం కాబట్టి ఒక మతాన్నే ఎత్తి చూపుతున్నానని అనుకోవద్దు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ ఉంటే ఎయిర్ హోస్టెస్ గమనించి అడిగింది. పక్కన కూర్చున్నది సుమారు 60 ఏళ్ల సౌదీ మనిషి. ఆ పిల్లకు అతనితో నిఖా అయింది. దేశమంతా ఆ వార్త చదివి కలవరపడింది. పాతబస్తీలో ఆ తర్వాత కూడా అట్లాంటి నిఖాలు బయటపడుతూనే వచ్చాయి. అక్కడా అదే అల్లిక: పేదింటి పిల్ల, బ్రోకర్, డబ్బున్న ముసలివాడు, వీటన్నిటి మీద ఖాజీ సంతకం. సంతకం లేకపోతే అది పిల్లను అమ్మడం. సంతకం ఉంటే పెళ్లి. చర్చిల్లోనూ దళిత క్రైస్తవులకు వేరే శ్మశానాలు ఉన్న ఊళ్లు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. బైబిల్‌లో మాల, మాదిగ తేడాలు లేవు. అయినా గోడ కట్టారు.

మరి మతాన్ని తీసేస్తే సరిపోతుందా? ఇక్కడే మీ స్నేహితులు తొందరపడుతున్నారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జోగినులకూ వర్తించే దేవదాసీల అంకిత నిషేధ చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రకారం అంకితం చేయడం నేరం, చేసినా అది చెల్లదు. జోగిని పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. తంతు చేసినవాళ్లు, చేయించినవాళ్లు, అందులో పాల్గొన్నవాళ్లు అందరూ శిక్షకు పాత్రులే. అంతకు ముందు 1947లోనే మద్రాసు రాష్ట్రంలో ఇట్లాంటి చట్టం వచ్చింది. ముత్తులక్ష్మి రెడ్డి గారు 1920లలోనే మద్రాసు శాసన మండలిలో దాని కోసం పోరాడారు. చట్టం అవసరం, సందేహం లేదు. పోలీసు వస్తాడన్న భయంతో బహిరంగ తంతులు తగ్గడం నేను చూశాను. కానీ తంతు ఆగిన కొన్ని ఇళ్లలో ఆ పిల్లలే ముంబైకి, దాని పక్కనున్న భివండీకి చేరారు. అక్కడ ఎల్లమ్మ లేదు, పట్నం లేదు, తాళి లేదు. బ్రోకర్ ఉన్నాడు. ఆకలి మాత్రం ఇక్కడ ఉన్నంతే ఉంది. అంటే తంతును తీసి, భూమి, కూలి, బడి సంగతి వదిలేస్తే ఆ పిల్లకు జరిగే హాని ఆగలేదు, చోటు మార్చుకుంది.

ఇంకో చేదు జ్ఞాపకం. జోగినిని పెళ్లి చేసుకున్న మగవాడికి ప్రోత్సాహంగా సర్కారు డబ్బు ఇచ్చేది. ఉద్దేశం మంచిదే. మేం ఉత్సాహంగా పెళ్లిళ్లు చేశాం, ఫొటోలు దిగాం. డబ్బు చేతికి వచ్చాక కొందరు మాయమయ్యారు. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, అక్కా, ముందు దేవుడి పేరుతో విడిచారు, ఇప్పుడు సర్కారు పేరుతో విడిచారు అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ పెళ్లిళ్ల జాబితాలో ఆమె పేరు రాసిన చేయి నాదే.

ఆచారాలు నిజంగా ఎట్లా మారాయో చూస్తే, మతం బయటి నుంచీ మతం లోపలి నుంచీ రెండు వైపులా దెబ్బ పడ్డాకే మారాయి. కందుకూరి వీరేశలింగం గారి సంగతి తీసుకోండి. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో 25 ఏళ్లు చట్టం కాగితం మీద ఉంది, ముండనం చేయించుకున్న బాలవితంతువులు వంటింటి మూలల్లో ఉన్నారు. ఆ పెళ్లి కోసం ఆయన వాదించింది పరాశర స్మృతిని చేతిలో పెట్టుకుని. శాస్త్రం ఒప్పుకోదన్నవాళ్లకు శాస్త్రంతోనే జవాబు చెప్పారు. అయినా వెలివేత తప్పలేదు. మతం అక్కడ రెండు పక్షాలా ఉంది: వెలివేసినవాళ్ల చేతిలోనూ ఉంది, పెళ్లి చేసినాయన చేతిలోనూ ఉంది.

హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్మిత్ర మండలి పెట్టి దళితవాడల్లో హరికథలు చెప్పించారు. జోగిని, బసివి ఆచారాలు వదలండని, జంతుబలులు ఆపండని ప్రచారం చేశారు. హరికథ ఎందుకు? జనం కూర్చుని వినేది అదే కాబట్టి. ఆయన మీద ఆర్యసమాజం, బ్రహ్మసమాజం ప్రభావం ఉంది, తర్వాత బుద్ధుడి వైపు మొగ్గారు. దేవుణ్ణి కొట్టిపారేయకుండానే, ఆ దేవుడి పేరుతో మీ బిడ్డను ఇవ్వొద్దు అని చెప్పగలిగారు.

మరో వైపు హేమలతా లవణం గారు. మహాకవి జాషువా గారి కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కోడలు. దేవుడు లేడని నమ్మే ఇంటి మనిషి నిజామాబాద్ జిల్లాకు వచ్చి, జోగినులను చెల్లెళ్లని పిలిచి, వర్నిలో చెల్లి నిలయం నడిపారు. మా తరంలో ఈ పనిలోకి వచ్చిన ఆడవాళ్లలో ఆమెను చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఎందరో. అట్లా ఒకే పనికి నాస్తికులూ వచ్చారు, పూజ చేయకుండా పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లూ వచ్చారు. జోగిని గుడిసె ముందు కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య ఈ గొడవ రాలేదు. దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ అడ్డం కాలేదు. ఈ పిల్లను దేవతకు విడవాలా వద్దా అన్నదే అక్కడి ప్రశ్న.

నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఒక జోగినే. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు ఉంటాయి. తన చెల్లెలి కూతుర్ని విడవడానికి ఇంటివాళ్లు సిద్ధమవుతుంటే గద్దె ముందు అడ్డంగా కూర్చుంది. మేం వెళ్లేసరికి వాడంతా పోగై ఉంది. మేం చట్టం గురించి మొదలుపెట్టబోతే చేయి ఎత్తి ఆపింది. బైండ్లాయన వైపు తిరిగి అడిగింది: "ఎల్లమ్మ నాకు తల్లా, కాదా?" తల్లే అన్నాడు. "తల్లయితే బిడ్డను ఊరి మీదికి తోలుతదా? నీ బిడ్డను నువ్వు తోలినవా?" ఆయన మాట్లాడలేదు. "నాకు ఎల్లమ్మ ఏం చెప్పలేదు. చెప్పింది మీరు. నేనొక్కదాన్ని పోయిన, చాలు. ఇది బడికి పోతది." వాడ పెద్ద ఒకాయన, "ఎల్లమ్మకు కోపం వస్తే?" అన్నాడు. "వస్తే నా మీదికి రానియ్యి. ఆమెకూ నాకూ 30 ఏండ్ల సంగతి ఉన్నది" అంది.

ఆ పిల్లను విడవలేదు. ఈమె మాత్రం ఆ ఏడాది కూడా ఎల్లమ్మకు బోనం ఎత్తింది. నాకు అప్పట్లో కొంచెం కష్టంగా అనిపించింది. ఇంత జరిగాక ఇంకా ఎందుకమ్మా అని అడిగితే, "బోనం నాది, అక్కా. అది వాళ్లకు ఎందుకు ఇయ్యాలె" అంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ మీ ప్రశ్నకు ఇంత సూటి జవాబు దొరకలేదు. తన దేవతను ఆమె వదులుకోలేదు, దేవత పేరు చెప్పి తన బతుకు తీసుకున్నవాళ్లను క్షమించనూ లేదు.

అందుకని మీ స్నేహితులతో మాట్లాడేటప్పుడు, ఆ ఆచారంతో లాభపడింది ఎవరని అడగండి. భూమి ఎవరిది, తంతు ఖర్చు ఎవరు పెట్టారు, ఎవరి పిల్లలను అడిగారు, ఎవరి పిల్లలను అడగలేదు. మతం అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే ఈ పేర్లన్నీ తప్పించుకుంటాయి. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇంకోటి అడగండి, గౌరవంగానే: మనుషులే చెడ్డవాళ్లయితే, ఆ చెడ్డపని గుడి ముందు జరుగుతున్నప్పుడు మంచి భక్తులు ఎందుకు ఊరుకున్నారు నాన్నా? మత స్వేచ్ఛ ఇచ్చిన మన రాజ్యాంగం 25వ అధికరణమే ఆ స్వేచ్ఛ ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని చెప్పింది. సంఘ సంస్కరణ కోసం ప్రభుత్వం చట్టాలు చేయొచ్చని కూడా అక్కడే ఉంది. దాన్ని రాసినవాళ్లు మతం అంటే ఏమిటో తెలియనివాళ్లు కాదు.

ఇంకొక్క సంగతి, ఇది మీకే కాదు, చదువుతున్న అందరికీ. జోగిని అన్నది పాత కాలం ముచ్చట అని చాలామంది అనుకుంటారు. చాలా తగ్గింది, నిజమే. కానీ ఇప్పుడు డప్పు లేకుండా, ఇంటి లోపల, రాత్రిపూట చేస్తారు. మీ ఊళ్లో గానీ చుట్టుపక్కల గానీ చిన్నపిల్ల మెడలో పసుపుతాడు కనిపించినా, బడి మానేసిన పిల్లను అమ్మవారికి మొక్కుకున్నారని విన్నా, జాతర దాకా ఆగకండి. 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్. బడిలో టీచర్‌కు, అంగన్‌వాడీలో చెప్పండి. వీలైతే ఆ వాడలోనే ఉన్న ఒక పాత జోగిని దగ్గరికి ముందు వెళ్లండి. ఆమె మాట మన అందరి మాటకంటే తొందరగా పనిచేస్తుంది.